యంత్రము తప్పు చేసినచో నుత్తరవాది యెవరు?



కంపెనీల పరిపాలనము, చట్టముల యనుసరణము అను మాటలు వినగానే, అవి కచ్చేరీలలో కూర్చుండు పురుషులకు సంబంధించిన విషయములనియు, గృహిణులకు వానితో పని లేదనియు ననుకొనువారు నేటికిని గలరు. ఈ యభిప్రాయము సరియైనది కాదు. మనము బ్యాంకులో దాచుకొనిన సొమ్ము, బిడ్డల చదువునకై మ్యూచువల్ ఫండులో నెలనెల వేయు వాయిదా, భర్త జీతములో నుండియో కుమార్తె జీతములో నుండియో మినహాయింపబడు ప్రావిడెంటు ఫండు, ఆరోగ్యబీమాకు గట్టు ప్రీమియము, ఇవన్నియు నేదో యొక సంస్థ చేతిలోనే యున్నవి. ఆ సంస్థ నడత సక్రమముగా నున్నంతవఱకే మన పొదుపునకు రక్ష. కావున నచ్చట నిర్ణయములు చేయువారెవరు, లెక్కలు సరిచూచువారెవరు, తప్పు జరిగినప్పుడు బదులు చెప్పువారెవరు అని తెలిసికొనుట మన యింటి పనియే.

ఇటీవల నీ సంస్థలలో కృత్రిమ మేధ యను క్రొత్త సాధనము ప్రవేశించినది. అప్పు నడిగినవారికి ఈయవచ్చునో కూడదో చెప్పుటయు, ఉద్యోగమునకు వచ్చిన దరఖాస్తులను వడపోయుటయు, లెక్కలలోని మోసములను పట్టుటయు, చట్టము కోరిన నివేదికలను వ్రాయుటయు నిప్పుడు చాలచోట్ల దాని పనులైనవి. అది చేయు మేలెంత, కీడెంత, దానిని కనిపెట్టి యుండవలసిన వారెవరు అను మూడు విషయములను ఈ నెల విచారింతము.

కంపెనీ నడక

ఒక పెద్ద యుమ్మడి కుటుంబమును తలచుకొనుడు. ధాన్యపుగది తాళపుచెవి యొకరి యొద్ద నుండును. పద్దు పుస్తకము మఱియొకరు వ్రాయుదురు. పెద్దకోడలు తెప్పించిన సరకులను అత్తగారు తూకము సరిచూతురు. ఒకరిపై నొకరికి నమ్మకము లేక కాదు. కంటికి కన్ను తోడుండిన తగవు రాదని యీ యేర్పాటు. కంపెనీలోను నింతే. సొమ్ము పెట్టినవారు వాటాదారులు. వారి తరపున పెత్తనము చేయువారు డైరెక్టర్లు. వెలుపలినుండి వచ్చి లెక్క చూచువారు ఆడిటర్లు. చట్టము చెప్పినట్లు సంస్థ నడచుచున్నదా యని లోపలనే యుండి కనిపెట్టు నుద్యోగులు వేఱుగ నుందురు.

ఈ యేర్పాటు సడలినప్పు డేమగునో తెలుగువారికి విడమఱచి చెప్ప నక్కఱలేదు. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, తమ లెక్కలలో జూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు నిజముగా లేవని తానే లేఖ వ్రాసి యొప్పుకొనెను. పేరుగన్న డైరెక్టర్లును, ప్రపంచప్రసిద్ధమైన ఆడిటింగు సంస్థయు నుండియు, సంవత్సరముల తరబడి ఆ లోటు బయటపడలేదు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆయనకును మఱి తొమ్మండుగురికిని శిక్ష విధించెను. కాని వాటాల విలువ ఒక్క దినములో కరగిపోయిన కుటుంబములకు ఆ తీర్పు వలన పోయిన సొమ్ము తిరిగి రాలేదు.

ఆ మోసము మనుష్యులు చేసినది. యంత్రము చేసినది కాదు. అయినను దాని పాఠము నేటికిని వర్తించును. గోడమీద గీసిన కాపలావాడు దొంగను పట్టడు. పదవిలో పేరున్నంత మాత్రమున చాలదు. చూడవలసిన కన్ను చూడవలెను. పిమ్మట వచ్చిన 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము, డైరెక్టరు తగిన జాగ్రత్తతోను, నేర్పుతోను, స్వతంత్రబుద్ధితోను తన విధిని నెఱవేర్పవలెనని స్పష్టముగ విధించినది. షేరు బజారులో నమోదైన కంపెనీలలో కనీస మొక మహిళ డైరెక్టరుగ నుండవలెనను నియమమును ఆ చట్టముతోనే వచ్చినది.

యంత్రము చేయు మేలు

కృత్రిమ మేధ యనునది మంత్రము కాదు. వెనుకటి లెక్కలు, ఉత్తరములు, నివేదికలు లక్షల కొలదిగ నొక కంప్యూటరు వ్యవస్థకు జూపుదురు. దేని వెంట ఏది వచ్చుచున్నదో అది గ్రహించి, క్రొత్త సంగతి యెదురైనప్పుడు ఆ పోలికను బట్టి యిట్లుండవచ్చునని చెప్పును. వంట నేర్చు పిల్ల పెద్దల చేతివాటము చూచి నేర్చుకొనును గదా! ఉప్పెక్కువ వేయు నింట నేర్చిన పిల్ల ఉప్పెక్కువే వేయును. అయితే ఆ పిల్ల యెన్నడో యొకనాడు రుచి చూచి తప్పు తెలిసికొనును. యంత్రమునకు నాలుక లేదు. రుచి చూడవలసినది మనుష్యులే.

ఇంత చెప్పినను దాని యుపయోగమును తక్కువ చేయరాదు. పెద్ద బ్యాంకులో నెలకు కోట్ల కొలది చెల్లింపులు జరుగును. వానిలో దొంగసొమ్మును గుర్తించి ప్రభుత్వమునకు దెలుపుట బ్యాంకు విధి. ఈ విధిలో నేమఱినందులకు హెచ్.ఎస్.బి.సి. బ్యాంకు 2012లో అమెరికా ప్రభుత్వమునకు 190 కోట్ల డాలర్లు చెల్లింపవలసి వచ్చినది. పూర్వము కంప్యూటరులు 'ఇంతకు మించిన సొమ్ము కదలినచో ననుమానింపుము' అనునట్టి మొఱటు నియమములతో పని చేసెడివి. కూతురి పెండ్లికై యొక్కసారిగ సొమ్ము తీసిన తల్లియు, దొంగసొమ్ము దాచువాడును వానికి నొక్కటే. గూగుల్ సంస్థ తయారుచేసిన కృత్రిమ మేధను వాడిన పిమ్మట, నిజముగ ననుమానింపదగిన వ్యవహారములు మునుపటికంటె రెండు మొదలు నాలుగు రెట్లు ఎక్కువగ దొరకినవనియు, హెచ్చరికల సంఖ్య మాత్రము నూటికి 60 వంతులకు పైగ తగ్గినదనియు 2023లో ప్రకటింపబడినది. అనగా నిర్దోషులకు బాధ తగ్గినది. దోషులు దొరకుట పెరిగినది. మనుష్యుడు చదువజాలనన్ని పుటలను చదివి, ఇచ్చట చూడుడు అని వ్రేలు చూపుట యంత్రమునకు దగిన పనియే.

నేర్చుకొనిన తప్పులు

ఇక కీడు సంగతి. అమెజాన్ సంస్థలో 2014 మొదలుకొని, ఉద్యోగార్థుల దరఖాస్తులకు మార్కులు వేయు నొక యంత్రవ్యవస్థను తయారుచేసిరి. అంతకు ముందు పది సంవత్సరములలో వచ్చిన దరఖాస్తులు దానికి పాఠములు. వానిలో నెక్కువ భాగము పురుషులవి. అందుచే నా యంత్రము పురుషులే మేలని నేర్చుకొనినది. దరఖాస్తులో 'మహిళల' అను మాట కనబడిన, ఉదాహరణకు మహిళల చదరంగపు సంఘమునకు నాయకురాలనని వ్రాసికొనిన, మార్కులు తగ్గించెడిది. రెండు మహిళా కళాశాలల పట్టభద్రురాండ్రకును నదే గతి పట్టినది. సరిదిద్ద యత్నించియు, మఱియొక దారిలో నదే పక్షపాతము రాదను భరోసా లేక, ఆ ప్రయత్నమును మానుకొనిరి. నియామకములకు దానిని వాడలేదని సంస్థ చెప్పినది. 2018లో నీ సంగతి రాయిటర్స్ వార్తాసంస్థ వలన లోకమునకు దెలిసినది. ఎవ్వరును స్త్రీలను తగ్గింపుమని యంత్రమునకు చెప్పలేదు. వెనుకటి లోకము చెప్పకయే నేర్పినది.

కొన్నియెడల మనుష్యుడే చెప్పుటయు గలదు. ఐట్యూటర్‌గ్రూప్ అను బోధనసంస్థ వాడిన యంత్రవ్యవస్థ, 55 సంవత్సరములు దాటిన స్త్రీలను, 60 దాటిన పురుషులను చదువకయే తిరస్కరించునట్లు అమర్పబడినదని అమెరికాలోని సమానావకాశముల సంఘము అభియోగము మోపెను. ఒకరు ముందు నిజమైన జన్మతేదీతోను, మఱల వయస్సు తగ్గించిన తేదీతోను ఒకే దరఖాస్తు పంపగా, రెండవదానికి మాత్రమే పిలుపు వచ్చినది. గుట్టు బయటపడినది. 2023లో ఆ సంస్థ 3,65,000 డాలర్లు చెల్లించుటకు రాజీపడినది. స్త్రీల కైదు సంవత్సరములు ముందుగనే ముసలితనము నిర్ణయించిన యా యంత్రము తెలివి యెవరిదో గమనింపుడు!

అయితే యంత్రము స్త్రీకి తక్కువ చేసిన ప్రతిచోటను చట్టవిరుద్ధమైన దోషముండు ననుకొనుటయు పొరపాటే. 2019లో అమెరికాలో యాపిల్ కార్డు విషయమున, భర్తకు హెచ్చుగను భార్యకు తక్కువగను ఋణపరిమితి నిచ్చుచున్నారని పెద్ద గగ్గోలు పుట్టినది. న్యూయార్కు రాష్ట్రాధికారులు దాదాపు 4,00,000 మంది దరఖాస్తుల వివరములను పరిశీలించి, చట్టము నిషేధించిన వివక్షత కనబడలేదని 2021 మార్చిలో నివేదిక నిచ్చిరి. అయినను కారణములను వివరించుటలోను, ఖాతాదారులకు బదులు చెప్పుటలోను లోపము లున్నవని వ్రాసిరి. ఇద్దఱి సంపాదనయు నొక్కటే యని మనమనుకొన్నను, ఋణసంస్థ ఎవరి పేరనున్న చరిత్రను వారిదిగనే చూచును. ఇంటి యప్పులన్నియు భర్త పేరనే తెచ్చి భర్త పేరనే తీర్చుచు వచ్చిన యిల్లాలికి, ఎంత పొదుపరి యైనను, కాగితముమీద చరిత్రయే యుండదు. ఈ సంగతి మన దేశపు స్త్రీలకును వర్తించునదే.

లేనిది యున్నట్లు

తప్పు నేర్చుకొనుట యొక దోషము. లేనిదానిని కల్పించుట మఱియొకటి. ఆస్ట్రేలియా ప్రభుత్వము, తన సంక్షేమవ్యవస్థలో నియమములను తప్పినవారిపై యంత్రము విధించు శిక్షలు సరిగ నున్నవో లేవో పరీక్షింపుమని డెలాయిట్ సంస్థను కోరినది. దాదాపు 4,40,000 ఆస్ట్రేలియా డాలర్ల వ్యయముతో తయారైన యా నివేదిక 2025లో ప్రకటింపబడినది. ఒక విద్వాంసుడు చదివి చూడగా, అందు పేర్కొన్న గ్రంథములలో కొన్ని లోకమున లేనే లేవు. ఒక న్యాయాధిపతి తీర్పులోనివని వ్రాసిన మాటలును కల్పితములు. నివేదిక తయారుచేయుటలో కృత్రిమ మేధను వాడినట్లు పిమ్మట సవరించిన ప్రతిలో దెలిపిరి. సొమ్ములో తుది వాయిదాను తిరిగి యిచ్చుటకు సంస్థ యొప్పుకొనినది. నియమపాలనను తనిఖీ చేయవచ్చినవారి కాగితమునకే తనిఖీ లేకపోవుట ఎంత వింత! కంచెయే చేను మేసినచో కాచువారెవరు?

వంచకుల చేతిలో నిదే సాధన మెట్లు పనిచేయునో హాంకాంగు నగరమున 2024లో జరిగిన దానిని బట్టి తెలియును. ఆరప్ అను నిర్మాణసంస్థలోని యొక యుద్యోగికి, ఇంగ్లండులోని ఆర్థికాధికారి వ్రాసినట్లు రహస్య లావాదేవీని గూర్చి సందేశము వచ్చినది. ముందు అనుమానము కలిగినది. కాని పిమ్మట వీడియో సమావేశములో ఆ యధికారియు, తెలిసిన సహోద్యోగులును ఎదుట కనబడి మాటాడిరి. అనుమానము తీఱి, పదునైదు విడతలుగ 20 కోట్ల హాంకాంగు డాలర్లు పంపబడినవి. ఆ ముఖములును, ఆ కంఠములును యంత్రము సృష్టించిన బొమ్మలు! రూపమును, గొంతును నమ్మి సొమ్ము పంపుట యిక చెల్లదు. పెద్ద మొత్తమునకు ఇద్దఱి సంతకము, తెలిసిన నంబరునకు తిరిగి ఫోను చేసి విచారించుట మున్నగు పాత పద్ధతులకే యిప్పుడు క్రొత్త విలువ వచ్చినది.

'నేను కాదు, యంత్రము'

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న యిక వచ్చుచున్నది. 2022 నవంబరులో అవ్వ మరణించిన దుఃఖములో, కెనడాలో నొక ప్రయాణికుడు ఎయిర్ కెనడా విమానసంస్థవారి ప్రశ్నోత్తరయంత్రమును సంప్రదించెను. టిక్కెట్టు కొనిన 90 దినములలోపల దరఖాస్తు చేసినచో మరణసందర్భపు రాయితీ లభించునని అది చెప్పెను. అతడు నమ్మి టిక్కెట్టు కొనెను. పిదప అడుగగా, ప్రయాణము ముగిసిన తరువాత రాయితీ యిచ్చు నియమము లేదనిరి. వ్యవహారము న్యాయమండలి కెక్కినది. అచ్చట సంస్థ చేసిన వాదమునకు అర్థమేమనగా, ఆ ప్రశ్నోత్తరయంత్రము వేఱొక వ్యక్తి వంటిది, దాని మాటలకు అదియే బాధ్యురాలు అని! 2024 ఫిబ్రవరిలో న్యాయమండలి ఈ వాదమును త్రోసిపుచ్చి, తన తావున నున్న ప్రతి మాటకును సంస్థయే బాధ్యురాలని తీర్పు చెప్పి, ఖర్చులతో సహా 812 కెనడా డాలర్లు ఇప్పించెను. మొత్తము చిన్నది, న్యాయము పెద్దది.

'అందఱును శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలును మాయమైనవి' అని మనలో సామెత గలదు. యంత్రమును తయారుచేసినవాడు, వాడినవాడు తప్పు చేసెననును. వాడినవాడు, యంత్రము చెప్పెననును. యంత్రము నోరెత్తదు. నష్టపోయినది మాత్రము సామాన్యుడు. ఈ దారిని మూసివేయుటయే నేటి చట్టముల పని. మన దేశపు కంపెనీల చట్టము, డైరెక్టర్ల బోర్డు వ్యక్తులతోనే యేర్పడవలెనని చెప్పుచున్నది. యంత్రమున కచ్చట పీట లేదు. 2014లో హాంకాంగులో నొక పెట్టుబడి సంస్థ 'వైటల్' అను యంత్రవ్యవస్థను తన పాలకవర్గములో జేర్చుకొంటి మని చాటుకొనినను, అచ్చటి చట్టము దృష్టిలో నది డైరెక్టరు కాలేదు. జైలునకు పోవ వీలులేనిదానికి, సిగ్గుపడ నెఱుగనిదానికి పెత్తన మెట్లు చెల్లును?

షేరు బజారును కనిపెట్టు సెబీ సంస్థ 2025లో నియమముల నేర్పఱచి, తన యధీనములోని సంస్థలు కృత్రిమ మేధను వాడినచో, మదుపుదారుల సమాచార భద్రతకును, యంత్రమిచ్చు ఫలితములకును, చట్టపాలనకును వాడిన సంస్థయే పూర్తిగ బాధ్యురాలని తేల్చి చెప్పినది. రిజర్వు బ్యాంకు నియమించిన సంఘము 2025 ఆగస్టులో ఏడు సూత్రములను, 26 సిఫారసులను చేసినది. బాధ్యత, న్యాయము, మనుష్యులకు ప్రథమస్థానము, కారణములు అర్థమగునట్లుండుట ఆ సూత్రములలోనివి. ఐరోపా సమాఖ్య చట్టము 2024 ఆగస్టు 1వ తేదీన ప్రారంభమై దశలవారీగ నమలునకు వచ్చుచున్నది. ఉద్యోగ నియామకములను, ఋణార్హతను నిర్ణయించు యంత్రములను హెచ్చు ప్రమాదము గలవానిగ నది లెక్కించి, వానిపై మనుష్యుల పర్యవేక్షణ నుండుమన్నది. నిషేధించిన పనులు చేసినవారికి 3.5 కోట్ల యూరోలు గాని, ప్రపంచమంతటి వార్షిక వ్యాపారములో నూటికి 7 వంతులు గాని, ఏది హెచ్చో అంతవఱకు జరిమానా గలదు.

మనము చేయదగినవి

చట్టములు పుస్తకములలో నుండినంత మాత్రమున మేలు కలుగదు, అడుగువారుండవలెను. అప్పునో బీమాసొమ్మునో నిరాకరించినప్పుడు, 'కంప్యూటరు ఒప్పుకొనలేదు' అను మాటతో తృప్తిపడి రావలదు. కారణమును వ్రాతమూలముగ నడుగుడు. అధికారితో మాటాడవలెనని కోరుడు. బ్యాంకు 30 దినములలో సరియైన బదులు చెప్పనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కును, బీమా విషయమైనచో బీమా అంబుడ్స్‌మన్‌కును, షేర్ల విషయమైనచో సెబీవారి స్కోర్స్‌కును ఫిర్యాదు చేయవచ్చును. ఇందులకు న్యాయవాది యవసరము లేదు.

మీ పేర నొక ఖాతాయు, మీ పేర నొక చిన్న ఋణచరిత్రయు నుండునట్లు చూచుకొనుడు. ప్రతి క్రెడిట్ సమాచార సంస్థయు సంవత్సరమున కొకసారి మీ నివేదికను ఉచితముగ నీయవలెను. తెప్పించి చదువుడు, తప్పున్నచో దిద్దింపుడు. యంత్రమునకు పాఠ మాకాగితమే. మీ వివరములను సరిదిద్దించుకొను హక్కును 2023వ సంవత్సరపు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము గుర్తించినది.

కుమారుని గొంతుతోనో అధికారి ముఖముతోనో సొమ్ము పంపుమని తొందర పెట్టినచో, ఆ మాట తెంచి, మీకు మునుపే తెలిసిన నంబరునకు మీరే ఫోను చేయుడు. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు దెలుపుడు. ఆలస్యమైనకొలది సొమ్ము చేయి దాటిపోవును.

ఉద్యోగములు చేయు సోదరీమణులు మఱియొకటి గుర్తుంచుకొనవలెను. యంత్రము వ్రాసిన కాగితముపై మీరు సంతకము చేసినచో నది మీ కాగితమే. చదువక సంతకము చేయవలదు. పేర్కొన్న ప్రతి యాధారమును తెఱచి చూడుడు. సంస్థ రహస్యములను ప్రశ్నోత్తరయంత్రములకు చెప్పవలదు. సామ్‌సంగ్ సంస్థలో ఉద్యోగులు కొందఱు తమ సంస్థ ప్రోగ్రాములను చాట్‌జీపీటీకి నప్పగించినందున, 2023లో అచ్చట నట్టి సాధనముల వాడుకనే నిషేధింపవలసి వచ్చినది. డైరెక్టరు పీఠమున గూర్చుండు భాగ్యము గలిగిన సోదరీమణులు 'ఈ నిర్ణయము యంత్ర మేల చేసినది? తప్పైనచో బదులు చెప్పువారెవరు?' అని నిర్భయముగ నడుగవలెను. సమాధానము రానిచో నట్టి నిర్ణయమునకు చేయి యెత్తరాదు. వాటాలున్న గృహిణులును సంవత్సరమున కొకసారి వచ్చు నివేదికను కట్టగట్టి యటకమీద పడవేయక, ఒక్క పూట చదివి వోటు వేయుట మంచిది.

దీపము క్రొత్తది, వెలుగు హెచ్చు. దానిని వలదనుట తెలివి కాదు. కాని దీపమెంత వెలిగినను, రాత్రివేళ తలుపు గడియ వేయవలసినది మాత్రము ఇంటివారే.